జపాన్ టేబుల్ మీద మా నాన్న బొమ్మ

ఆ బొమ్మ ముందు నిలబెట్టిన కార్డు మీద “జపాన్, చెక్కబొమ్మ, తయారీదారు తెలియదు” అని రాసి ఉంది. అది తప్పు. ఆ బొమ్మది మా ఊరు. దాన్ని చేసింది మా నాన్న.

ఇందులో అంత మండిపడాల్సిందేముందని మా ఆవిడ అడిగింది. ముప్పై నాలుగేళ్ళు చక్కెర మిల్లులో స్టోర్ కీపరుగా పనిచేసినవాణ్ణి నేను. గోదాములో సరుకుకి కట్టిన చీటీ తప్పయితే ఆ సరుకు ఉండీ లేనట్టే. కావలసినవాడికి కనబడదు, కనబడినవాడికి అక్కర్లేదు. మా నాన్న చేసిన బొమ్మల్లో నాకు తెలిసి భూమ్మీద మిగిలింది ఇదొక్కటే. దాని చీటీ తప్పుగా ఉంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.

అసలు ఆ బొమ్మ కనిపించిన టాయ్ షోకి, అంటే పాతబొమ్మల సంతకి, వెళ్ళే ఉద్దేశం నాకు లేదు. అమెరికాలో, నేపర్‌విల్‌లో, మా అమ్మాయి ఇంటికి మేమిద్దరం ఆర్నెల్లు ఉండడానికి వచ్చి అప్పటికి రెండు నెలలు దాటింది. అమ్మాయి ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తుంది. నలభై నాలుగేళ్ళ మనిషి, ఆదివారం వస్తే చాలు బొమ్మలు వెతుక్కుంటూ పోతుంది. కారు వెనక సీట్లో ఒక సంచీ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అందులో చిన్న టార్చి, భూతద్దం, కొలిచే టేపు, చేతులు తుడుచుకునే తడి కాగితాలు. నాలుగేళ్ళుగా ఆమె వెతుకుతున్నది వాళ్ళ తాత చేసిన బొమ్మ కోసం. చిన్నప్పుడు నేను చెప్పిన కబుర్లు విని, పెద్దయ్యాక పట్టిన పంతం అది.

ఆ కబుర్లు మీకూ చెప్పాలి. వరాహ నది ఒడ్డున మా ఊళ్ళో మా వీధి వీధంతా లక్కబొమ్మలు చేసేవాళ్ళమే. అప్పట్లో కరెంటు మోటార్లు లేవు. మా అమ్మ తాడు అటూ ఇటూ లాగుతుంటే తరిమెన మీద అంకుడు కర్ర గిరగిరా తిరిగేది, నాన్న కాళ్ళు చాపుకుని కూర్చుని దానికి ఉలి ఆనించేవాడు. ఆకారం వచ్చాక, తిరుగుతున్న కర్రకి రంగు లక్క కడ్డీని ఒత్తితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకునేది. దాని మీద మొగలి రేకు పెట్టి రుద్దితే అద్దంలా మెరిసేది. ఇంతవరకూ అందరూ చేసేదే. మా నాన్న ఒక్కడే చేసేది ఇంకొకటి ఉంది. బొమ్మ తలని లోపల తొలిచి, మూడు గురివింద గింజలు వేసి, మెడని మొండెంలోకి బిగించి లక్కతో మూసేసేవాడు. ఊపితే గలగలమనేది. “పిల్లకిచ్చిన బొమ్మ పలకాల గదా” అనేవాడు. ఆడబొమ్మ అయితే మెడ వెనక పక్కకి వాలిన కొప్పు, ఆ కొప్పు చుట్టూ ఒక సన్నటి ఎర్రగీత. మా అమ్మ కొప్పు అది.

ఇంట్లో ఒక్క బొమ్మా మిగల్లేదు. చేసింది చేసినట్టు షావుకారు గంపలకెత్తి పట్టుకుపోయేవాడు.

వెతకడం మొదలుపెట్టిన కొత్తలో అమ్మాయి ఫోన్ చేసి అడిగింది: “నాన్నా, తాత బొమ్మల మీద లేబుల్ లాంటిది ఏమైనా ఉండేదా? ఇక్కడ అందరూ లేబుల్ బట్టే సార్ట్ చేసి పెడతారు.”

“ఏమీ ఉండేది కాదమ్మా” అన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికి రావాలి నేను.

జూన్‌లో ఒక ఆదివారం అల్లుడు ఊళ్ళో లేడు. ఒక్కతే అంతదూరం డ్రైవ్ చేస్తుందని మా ఆవిడ నన్ను తోలింది. గంట ప్రయాణం. కౌంటీ వాళ్ళ, అంటే అక్కడి జిల్లావాళ్ళ, సంతమైదానంలో మూడు పెద్ద రేకుల షెడ్లు. మామూలుగా అక్కడ పశువుల ప్రదర్శన జరుగుతుందట. ఆ రోజు పశువులు లేవు గానీ ఎండుగడ్డి వాసన మాత్రం ఉంది. ఏడింటికే లోపలికి వదిలే టికెట్టు కొంది అమ్మాయి. మామూలు జనం తొమ్మిదింటికి వస్తారు.

లోపల బారులు బారులుగా టేబుళ్ళు. రేకు కార్లు, రైళ్ళు, కన్ను పోయిన ఎలుగుబంట్లు, పెట్టెలోంచి ఒక్కసారీ బయటకు రాని బొమ్మలు. ఒకచోట గంపల్లో బొమ్మల చేతులు మాత్రమే అమ్ముతున్నారు. కుడిచేతులు ఒక గంప, ఎడమచేతులు ఒక గంప. స్టోర్ కీపరుగా ఆ పద్ధతి నాకు నచ్చింది.

“నాన్నా, ఏదీ ముట్టుకోకు. ముందు అడగాలి” అంది అమ్మాయి.

“చూడాలన్నా అడగాలా?”

“జోకులు తర్వాత. నువ్వు ఆ వరుస చూడు, నేను ఈ వరుస చూస్తాను. ఇండియా అని ఎక్కడ కనిపించినా వెంటనే కాల్ చెయ్యి. మిగతావాటి దగ్గర టైమ్ వేస్ట్ చెయ్యొద్దు.”

టార్చి పట్టుకుని చకచకా వెళ్ళిపోయింది. ఒక్కో టేబుల్ దగ్గర అరనిమిషం కూడా ఆగడంలేదు. కార్డు చదవడం, ముందుకు పోవడం. నేను రెండు వరుసలు తిరిగేసరికి మోకాళ్ళు మొరాయించాయి. మూడో షెడ్డులో కాఫీ అమ్మేచోట ఒక కుర్చీ చూసుకుని కూలబడ్డాను.

నా ఎదురుగా ఒక ముసలావిడ టేబుల్. నా వయసే ఉంటుంది. కళ్ళజోడు తాడుకి కట్టి మెడలో వేసుకుంది. టేబుల్ మీద జపాన్ చెక్కబొమ్మలు, చేతులూ కాళ్ళూ లేని గుండ్రటి బొమ్మలు, ఎత్తు ప్రకారం వరుసగా నిలబెట్టి ఉన్నాయి. వాటి వెనక పొడుగాటి అద్దం పెట్టింది, వీపులు కూడా కనబడడానికి. ఆ అద్దంలో నాకు ఒక కొప్పు కనిపించింది. పక్కకి వాలింది. చుట్టూ ఎర్రగీత.

నేను లేచిన సంగతి నాకు తెలియదు. ఆ బొమ్మ నా చేతిలో ఉంది, అంతే. జానెడు బొమ్మ. పసుపు చీర, ఆకుపచ్చ అంచు. అడ్డంగా వెలుతురుకి పెట్టి చూస్తే మొగలి రేకు రుద్దిన సన్నగీతలు.

“సర్! సర్, ప్లీజ్!” అందావిడ.

“ఇది మా నాన్న” అన్నాను ఇంగ్లీషులో. చేసిన పని అనాలి. తొందరలో మనిషినే చెప్పేశాను.

అమ్మాయికి ఫోన్ చేశాను. పరిగెత్తుకుంటూ వచ్చింది. వచ్చి కార్డు చదివింది. “నాన్నా, ఇది జపాన్‌ది.”

“కొప్పు చూడు.”

భూతద్దం తీసి చూసింది. మొహం మారిపోయింది. అప్పుడే కాఫీ కప్పులతో నలుగురైదుగురు మా చుట్టూ చేరారు. నాకు హుషారొచ్చింది. అందరికీ వినబడేలా, నాకొచ్చిన ఇంగ్లీషులో ప్రకటించాను: “ఈ బొమ్మ తల లోపల మూడు గింజలున్నాయి. మా నాన్న తప్ప లోకంలో ఇంకెవరూ అలా వేసేవారు కాదు. వినండి.”

చెవి పక్కన పెట్టి ఊపాను. చప్పుడు లేదు. ఇంకా గట్టిగా ఊపాను. లేదు.

ఎవరో దగ్గారు. ముసలావిడ నా చేతిలోంచి బొమ్మని మెల్లగా తీసుకుని తన చెవి దగ్గర కూడా ఊపింది. ఎగతాళికి కాదు, నిజంగానే వినడానికి. తల అడ్డంగా ఆడించి, బొమ్మని తలకిందులు చేసి అడుగు చూపించింది. అక్కడ కోలగా, గోరంత, బంగారు రంగు కాగితం. మేడ్ ఇన్ జపాన్.

“ఇది ఆ కాలపు స్టికరే” అందావిడ. “తర్వాతెవరో అంటించింది కాదు. జిగురు చూస్తే తెలుస్తుంది. నేను సాక్ష్యాన్ని బట్టి పోతాను, సర్.”

అమ్మాయి బొమ్మని అమ్మమని అడిగింది. అమ్మకానికి కాదట, చూపించడానికే పెట్టిందట. ఎవరో పోయాక వాళ్ళింటి సామాను అమ్మే ఎస్టేట్ సేల్‌లో కొన్న అట్టపెట్టెలో దొరికిందట. తన బొమ్మలన్నిటినీ వాళ్ళ ఊరి బొమ్మల మ్యూజియంకి ఇచ్చేస్తోంది. అక్టోబరులో గాజుబీరువాలో పెడతారు. కార్డులు అచ్చువేసి లోపల అతికించేస్తారు. ఆ తర్వాత ఎవరూ మార్చరు.

“ఈ కార్డు మార్చాలంటే ఏం చెయ్యాలి?” అన్నాను.

“నాకు ఉత్తరం రాయండి. ఈమెయిల్ చూడను నేను” అని అడ్రసు రాసిచ్చింది.

తిరిగి వస్తుంటే దారికి రెండువైపులా మోకాళ్ళెత్తు మొక్కజొన్న. అమ్మాయి కారు వేగం తగ్గించింది.

“నాన్నా, నువ్వు పొరబడ్డావేమో.”

“మా నాన్న చెయ్యి నాకు తెలీదా?”

“మరి ఆ స్టికర్?”

“అదే అర్థం కావట్లేదు” అన్నాను, కిటికీలోంచి చూస్తూ.

ఇంట్లో అడుగు పెట్టగానే మా ఆవిడ, “ఏటండీ, బొమ్మలాట అయిందా?” అంది. నేను బూట్లయినా విప్పకుండా కాగితాలు అడిగాను.

ఉత్తరం నేనే రాశాను. టైప్ చేసి పెడతాను, కొంచెం పొలైట్‌గా మారుస్తాను అని అమ్మాయి వెంటపడింది. మర్యాద నాకూ తెలుసు. నేను బడికెళ్ళింది అయిదో తరగతి దాకానే. ఇంగ్లీషు నాకు ఎవరూ చెప్పలేదు, ఒక పాత డిక్షనరీ పెట్టుకుని నేనే నేర్చుకున్నాను. ఆ ఇంగ్లీషుతోనే మిల్లులో మేనేజర్ల చేత తప్పులు ఒప్పించాను. “తమరి టేబుల్ మీది కార్డు విషయమై తెలియజేయునది ఏమనగా” అన్న ధోరణిలో మొదలుపెట్టి, కర్ర గురించి, లక్క గురించి, కొప్పు గురించి మూడు పేజీలు రాశాను. స్టికరు గురించి ఒక్క ముక్కే రాశాను. అది వ్యాపారుల మోసం, దానితో మాకు సంబంధం లేదని.

పదకొండో రోజున జవాబొచ్చింది. చక్కటి దస్తూరీ. కొప్పు గురించి నేను రాసింది తనకి నచ్చిందట. కానీ: “నా దగ్గర రెండు ఇబ్బందులున్నాయి. ఇది మోగదు. దీనికి స్టికరు ఉంది. మీకు సంబంధం లేని స్టికరు మీ నాన్నగారి బొమ్మ మీదకి ఎలా వచ్చిందో మీరు రాయలేదు. ఈ రెంటికీ మీ దగ్గర జవాబుంటే రాయండి. సెప్టెంబరు చివరలో కార్డులు అచ్చుకి పోతాయి.”

నాకు ఒళ్ళు మండింది. మంట దేనికంటే, ఆవిడ అడిగింది సరిగ్గా అడిగింది.

జులై అంతా గొణుక్కుంటూ గడిపాను. బొమ్మని తెరిచి చూడమని రాద్దామంటే, తెరిచాక గింజలు లేకపోతే? నాన్న ఆ ఒక్కదానిలో వెయ్యడం మరిచిపోయి ఉంటే? అక్టోబరు మొదటివారంలో మాకు తిరుగు ఫ్లైట్. ఇక్కడుండగానే తేలాలి.

తేల్చింది ఇంగువ డబ్బా. ఆగస్టులో ఒకరోజు మా ఆవిడ పులిహోర కలుపుతూ పొయ్యి పైన అలమరలోంచి డబ్బా తీసి ఊపింది. “ఇంగువ అయిపోయినట్టుందే. సప్పుడు లేదు” అని అమ్మాయితో అంటూ మూత తీసింది. “అయిపోలేదు. ఏడికి కరిగి అడుక్కి అంటుకుపోయింది.” చాకు మొనతో ఊడదీసి మళ్ళీ ఊపింది. గట్ గట్ మంది.

నేను తింటున్న పళ్ళెం పక్కన పెట్టి లేచాను. “ఆ డబ్బా ఇలాగియ్యి.”

“ఇంగువ తింటారేటి?”

ఊపాను. గట్ గట్. లక్క అంతే కదా! ఏళ్ళ తరబడి ఏ అటకమీదో, వేసవి వేడికి ఉడికిపోయే అట్టపెట్టెలో ఆ బొమ్మ తలకిందులుగా పడి ఉంటుంది. మెడ దగ్గర మూసిన లక్క మెత్తబడి తలలోకి జారి గింజల్ని పట్టేసి ఉంటుంది. గింజలు లేక కాదు మోగనిది. అమ్మాయికి చెప్పాను. గిన్నె కింద పెట్టి నన్ను కావలించుకుంది.

“సూపర్ నాన్నా! ఇప్పుడే రాసెయ్. ఇంక మిగిలింది స్టికరే కదా.”

స్టికరే. దాని జవాబు నా దగ్గర అరవై ఆరేళ్ళుగా ఉంది.

ఆ పూట వంటింటి బల్ల దగ్గర తల్లినీ కూతుర్నీ కూర్చోబెట్టి చెప్పాను. మా షావుకారు పట్నం నుంచి ఒక జపాన్ బొమ్మ తెచ్చి, ఇలాంటివి చెయ్యమని నాన్న ముందు పెట్టాడు. నాన్న దాన్ని తిప్పి చూసి, “కొప్పు లేని ఆడమనిసేటి” అని దానికి మా అమ్మ కొప్పు పెట్టి చేశాడు. షావుకారుకి అది పట్టలేదు. దూరం నుంచి చూస్తే సీమసరుకులా ఉంటే చాలు. పట్నం షాపుల్లో సీమసరుకంటేనే ఎగబడి కొనేవారు. ఒక చుట్ట బంగారు రంగు స్టికర్లు తెచ్చి నాకిచ్చాడు, అడుగున అంటించమని. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం కూడబలుక్కుని చదవగలను. చదివాను. వాడి మొహంలోకి చూశాను. వాడు నవ్వి, మర్నాడు ఒక డిక్షనరీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. అట్ట ఊడిన పాత పుస్తకం. “సదువుకునే గుంటడివి, ఉంచుకో” అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు.

అంటిస్తూ కూర్చున్నాను. నాన్న ఒక బొమ్మ తీసుకుని తిరగేసి చూశాడు. ఆయనకి చదువు లేదు.

“ఏటి రాసుందిరా దీని మీద?”

“మన ఊరి పేరు నాన్నా” అన్నాను.

చాలాసేపు చూశాడు. వేలితో తడిమాడు. “మన ఊరు ఇంగిలీసులో ఇంత సిన్నదేటి?” అన్నాడు. తర్వాత, “పోన్లే, సిన్నగా అయినా ఏసినాడు” అని బొమ్మని నా చేతికిచ్చి మళ్ళీ తరిమెన ముందు కూర్చున్నాడు. ఆ స్టికరు మీద మా ఊరి పేరుందన్న నమ్మకంతోనే పోయాడు.

మా ఆవిడే ముందు నోరు విప్పింది. “ఆ డిక్షనరీయేనా, బీరువాలో నా చీరల కింద దాచింది? పెళ్ళయిన కొత్తలో అందులో పేమలేకలున్నాయేమో అని పేజీలన్నీ దులిపేను.”

అమ్మాయి నవ్వలేదు.

“నేను అడిగాను నిన్ను. లేబుల్ ఉండేదా అని అడిగాను నాన్నా.”

“అడిగావు.”

“ఫోర్ ఇయర్స్! ప్రతి షోలో జపాన్ అన్న టేబుల్ కనిపిస్తే చాలు, స్కిప్ చేసి వెళ్ళిపోయాను. ఎన్ని టేబుళ్ళు వదిలేశానో తెలుసా? వాటి మీద తాత బొమ్మలు ఎన్ని ఉన్నాయో!”

అన్నేళ్ళు షావుకారు మీద, షాపుల మీద, చదువుకున్నవాళ్ళ మీద, ఆ కార్డు రాసిన ముసలావిడ మీద పళ్ళు నూరుకుంటూ తిరిగాను. చీటీ తప్పుగా కట్టింది మాత్రం నేను. ఒక్క చీటీ కాదు, చుట్ట చుట్టంతా.

“సిగ్గేసిందమ్మా” అన్నాను.

“అయితే అది రాయి. ఆవిడకి అదే రాయి.” లేచి వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చి నా ముందు కాగితాలు, పెన్నూ పెట్టింది. “పొలైట్‌గా కూడా అక్కర్లేదు.”

రెండో ఉత్తరానికి మూడు రోజులు పట్టింది. మొదటిదాంట్లో స్టికరు గురించి రాసింది అబద్ధమని మొదటి వాక్యంలోనే రాశాను. డిక్షనరీ సంగతి రాశాను. నాన్న అడిగింది, నేను చెప్పింది, మాట మార్చకుండా రాశాను. ఇంగువ డబ్బా గురించి ఒక పేరా. ఇంగువ అంటే ఏమిటో ఇంకో పేరా.

బొమ్మని తెరిచే పద్ధతి రాశాను. కత్తి పెట్టకూడదు, నిప్పు చూపకూడదు. పొడి నూలుగుడ్డ మెడకి చుట్టి రెండు కొసలూ పట్టుకుని, మా అమ్మ తరిమెన తాడు లాగినట్టు, అటూ ఇటూ చురుగ్గా లాగాలి. మెడ వేడెక్కి లక్క మెత్తబడుతుంది. అప్పుడు తలని తిప్పుతూ పైకి లాగితే వచ్చేస్తుంది. మూసేటప్పుడూ అంతే.

రుద్దినచోట మెరుపు పోతుంది. మళ్ళీ రావాలంటే మొగలి రేకు కావాలి. నేపర్‌విల్‌లో మొగలి రేకు ఎక్కణ్ణుంచి తేవడం? నేను గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే మా ఆవిడ మొక్కజొన్న పొత్తులు ఒలుస్తూ, “ఈ ఊళ్ళో ఉన్న రేకు ఇదే, పనికొస్తాదేమో సూడండి” అని నా ముందుకు విసిరింది. రెండు రోజులు ఎండబెట్టాను. మా ఊరి నుంచి అమ్మాయి ఎప్పుడో తెచ్చుకున్న లక్క కుంకుమభరిణె మీద గుడ్డతో వేడెక్కించి రుద్ది చూశాను. మొగలి అంత కాదు గానీ మెరిసింది. మంచి రేకులు నాలుగు ఏరి ఉత్తరంతో పాటు కవరులో పెట్టాను.

చివర రెండు విన్నపాలు చేశాను. ఒకటి, ఆ స్టికరు పీకి పారెయ్యాలి. రెండు, కార్డు మీద మా ఊరి పేరు పెద్ద అక్షరాల్లో రాయాలి.

పోస్టాఫీసుకి అమ్మాయే డ్రైవ్ చేసింది. కౌంటర్ దగ్గర, “ట్రాకింగ్ కావాలి” అని తనే అడిగింది. ఆ తర్వాతి ఆదివారం సంచీ తీసుకుని ఇంకో షోకి బయల్దేరింది. “రా నాన్నా. ఈసారి జపాన్ టేబుళ్ళన్నీ నీవే” అంది. వెళ్ళాను. ఆ నెలలో మూడు షోలు తిరిగాం. జపాన్ అని రాసిన ప్రతి టేబుల్ దగ్గరా ముందు అడిగి, ఒక్కో బొమ్మనీ తిరగేసి, కొప్పు చూసి, అడుగు చూసి, ఊపి చూసి దించాను. ఏదీ నాన్నది కాదు. మోకాళ్ళు వాచాయి. అయినా మానలేదు.

సెప్టెంబరు అంతా రోజూ రెండుసార్లు వీధి చివర మెయిల్ బాక్సు దాకా నడిచాను. మా ఆవిడ పెట్టెలు సర్దడం మొదలుపెట్టింది. ఫ్లైట్ ఇంకా నాలుగు రోజులుందనగా కవరు వచ్చింది. అమ్మాయి ఆఫీస్ కాల్ ఆపేసి వచ్చి పక్కన నిలబడింది. నేను పైకి చదివాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి, ఒక్క మాట వదలకుండా ఇక్కడ రాస్తున్నాను:

“అయ్యా,

జవాబు ఆలస్యమైంది. పాతబొమ్మలు బాగుచేసే అతను తెరవడానికి ఒక పట్టాన ఒప్పుకోలేదు. మీ ఉత్తరం చదివి వినిపించాక ఒప్పుకున్నాడు. గుడ్డ ఒక కొస అతను పట్టుకున్నాడు, ఇంకో కొస నేను పట్టుకున్నాను. నా చేతులు నొప్పెట్టాయి. మీ అమ్మగారు రోజంతా ఎలా లాగేవారో నాకు తెలియదు. ఇరవై నిమిషాలకి మెడ కదిలింది.

గింజలు మూడు. ఎరుపు, ఒక్కోదానికి ఒక నల్ల చుక్క. తల పైభాగాన లక్కలో కూరుకుపోయి ఉన్నాయి, మీ ఆవిడగారి డబ్బాలో లాగే. వాటిని విడదీసి మళ్ళీ లోపలే వేసి మూశాం. ఇప్పుడు మోగుతోంది. మీరు పంపిన ఆకు పనిచేసింది. ఒకటి వాడాం, మూడు దాచాను.

కార్డు మార్చాను. మీ నాన్నగారి పేరు ఉంది. తాడు లాగినది మీ అమ్మగారని కూడా ఉంది. మీరు అడగలేదు, కానీ ఉండాలనిపించింది.

స్టికరు పీకను. మీరు అడిగినా సరే. అబద్ధమైనా అది ఈ బొమ్మతో పాటు ఇంత దూరం వచ్చింది. దాని గురించి కార్డులో ఒక వాక్యం చేర్చాను: ‘అడుగున ఉన్న స్టికరు నిజం కాదు. దాన్ని అంటించింది తయారీదారు కొడుకు, ఆ మాట చెప్పింది కూడా అతనే.’ మీకు అభ్యంతరమైతే రాయండి, కానీ అచ్చు అయిపోయింది.

మ్యూజియం కార్డులన్నీ ఒకే సైజు అక్షరాల్లో ఉండాలని నియమం. మీ ఊరి పేరు ఒక్కటీ పెద్దగా వేయించాను. ఎందుకని ఎవరైనా అడిగితే మీ నాన్నగారు అడిగారని చెబుతాను.”